రంగునీరు – ఎండవెలుగు



అద్దకపు కార్ఖానాలనుండి వెలువడు రంగునీటిలో ఒక తెల్లని పొడిని కలిపి, ఎండలో నుంచి శుద్ధిచేయు పద్ధతి యొకటి కలదు. దానిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆకాశవాణివారు నన్ను కోరియున్నారు. నేను రసాయనశాస్త్రజ్ఞుడను గాను. ప్రాచ్యకళాశాలలో వ్యాకరణమును కావ్యములను చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి విరమించినవాడను. అయినను నా నివాసము ముత్తంగి. పటాన్‌చెరువునకును సంగారెడ్డికిని నడుమ, బొంబాయి రహదారిని ఆనుకొనియున్న గ్రామమందలివాడు నీటి సంగతి తెలిసికొనకున్న తీరదు. కావున తెలిసినవారి చెంత కూర్చుండి ఈ విషయమును నేర్చుకొంటిని. నాకు బోధపడినంత మేరకు విన్నవింతును.

సభలలో అప్పుడప్పుడు ఒక వేడుక కనబడును. బల్లపై రెండు గాజుపాత్రలు నుంచుదురు. ఒకదానిలో కుంకుమవలె ఎర్రనైన నీరు. రెండవదానిలో చెలిమెనీటివలె తేటనైన నీరు. "ఇది శుద్ధికి ముందు, ఇది శుద్ధికి పిమ్మట" అని చూపుదురు. చూచినవారు చప్పట్లు చరతురు. ఆ రెండవ పాత్రలోని నీటిని గురించియే నేటి ప్రసంగము. దానిలో రంగు లేదు, నిజమే. రంగుతో కూడ ఏమి పోయినది, ఏమి నిలిచినది అని అడిగినవారు మాత్రము ఆ సభలలో అరుదు.

రంగు మనకు కొత్తది గాదు. మన అద్దకమువారు చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలమును, కరక్కాయతోను దానిమ్మబెరడుతోను పసుపుచాయలను తీసిరి. మచిలీపట్టణపు కలంకారీ వస్త్రములు ఓడలకెక్కి పారసీకమునకును ఐరోపాకును పోయినవి. ఆ పనివారు వస్త్రమును పేడనీట నానబెట్టి, యేటిగట్టున ఎండలో పరచి, ఆరుచుండగా మరల మరల నీరు చిలుకరించి తెలుపు తెత్తురు. మన చాకలివారు చౌడుమట్టితో ఉడికించిన బట్టలను ఎండలో పరచుటయు ఇట్టిదే. వెలుగునకు రంగును విరుచు శక్తి కలదని మనవారు ఏనాడో ఎరుగుదురు. ప్రయోగశాలలో నేడు చేయుచున్నది ఆ శక్తికి పదును పెట్టుట.

1856వ సంవత్సరమున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఆంగ్లేయ యువకుడు క్వినైను మందును తయారుచేయబోయి, తారునుండి తీసిన సరకుతో ఊదారంగును కనుగొనెను. 1897లో జర్మనీదేశపు బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీవారు కృత్రిమమైన నీలిని బజారునకు తెచ్చిరి. అటుపిమ్మట కొద్ది సంవత్సరములలోనే మన నీలిమందు వర్తకము కూలినది. ఈ కొత్తరంగులను వర్తకుడు "పక్కారంగు" అని మెచ్చుకొనును. ఎండకు వెలియరాదు, సబ్బునకు వదలరాదు, చెమటకు కరగరాదు. ఇవి యన్నియు చీరకు గుణములు. అదే రంగు వాగులో పడినప్పుడు ఈ గుణములే దోషములగును. నీటిలోని క్రిములు దానిని త్వరగా జీర్ణింపజాలవు. నీటి లోపలి నాచునకును మొక్కలకును వెలుగు అందదు. వెలుగు అందనిచోట ప్రాణవాయువు కొరవడును, చేప బ్రతుకదు.

అద్దకపు తొట్టిలో వేసిన రంగంతయు నూలునకు పట్టునని తలపకుడు. పత్తికి నేడు విరివిగా వాడు రంగులలో నూటికి పదిపాళ్లు మొదలు నలుబదిపాళ్ల దాక పట్టక నీటితో పోవును. ఆ పట్టినదైనను ఊరక పట్టదు. రంగు నూలును ఆశ్రయించుటకై లీటరునీటికి 30 మొదలు 80 గ్రాముల ఉప్పు వేయుదురు. ఈ ఉప్పు మాటను మనసున నుంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

ఇక శుద్ధి. మన పెద్దలు బురదనీటి కడవలో చిల్లగింజను అరగదీసి కలుపుదురు. సంస్కృతమున దానికే కతకమని పేరు. ఒకటి రెండు గడియలలో మన్ను అడుగునకు దిగి నీరు తేరుకొనును. పటిక చేయుపనియు అదియే. కార్ఖానాలలో పటికయు సున్నమును పెద్దయెత్తున వాడుదురు. రంగులో కొంత అడుగున మడ్డియై దిగును. బొగ్గుపొడి రంగును తనకు అంటించుకొనును. మిక్కిలి సన్నని జల్లెడవంటి పొరలగుండా నీటిని ఒత్తిడితో నడిపినచో తేటనీరు ఒకవైపునకును, చిక్కని ఉప్పునీరు మరియొకవైపునకును పోవును. వీనిలో దేనియందైనను విషము నశించినదా? లేదు, చోటు మారినది. మడ్డిని ఎక్కడ పోయుదురు? బొగ్గును ఎక్కడ పారవేయుదురు? ఆ చిక్కనినీటిని ఏమి చేయుదురు? ఇంటి చెత్తను ఊడ్చి పొరుగువాని వాకిట పోయుట శుభ్రత యనిపించుకొనదు గదా!

రంగును చోటు మార్చక అక్కడికక్కడనే విరిచివేయు ఉపాయమేదైన నున్నదా యను అన్వేషణలో ఈ వెలుగు పద్ధతి పుట్టినది. ఆ తెల్లనిపొడి పేరు టైటానియం డయాక్సైడు. మన యిండ్ల గోడలకు వేయు తెల్లరంగులో నున్నది అదియే. 1967లో టోకియో విశ్వవిద్యాలయమున ఫుజిషిమా అను విద్యార్థి తన గురువు హోండా గారి చెంత పరిశోధన చేయుచు, నీటిలోనుంచిన ఆ పదార్థముపై వెలుగును ప్రసరింపజేయగా బుడగలు లేచుట చూచెను. వెలుగు సాయమున నీరు విడిపోవుచున్నదని తెలిసినది. 1972లో ఆ సంగతి 'నేచర్' పత్రికలో వెలువడగా ప్రపంచము దృష్టి దానిపై పడినది. 1977లో అమెరికాలోని ఫ్రాంకు, బార్డు అనువారు ఆ పొడినే వాడి, నీటిలోని సయనైడు విషమును వెలుగుచే విరుగగొట్టిరి. అప్పటినుండియే మురుగునీటి శుద్ధికి ఇది పనికివచ్చునను ఆశ బలపడినది.

ఇది జరుగు విధము కొంచెము నిదానముగా చెప్పెదను. పసుపుకొమ్మును అట్లే కడవలో వేసిన నీటికి పసుపుచాయ రాదు. నూరి వేసిన క్షణములో వచ్చును. వస్తువు అదియే; నూరినందున దాని పైభాగము పెరిగినది. పని యంతయు పైభాగమునందే జరుగును. ఈ తెల్లపొడిని ఎంత మెత్తగా చేయుదురనగా, ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో ఏబదివేలవ వంతు. తలవెండ్రుకకు అడ్డముగా అట్టివానిని మూడు నాలుగువేలు పేర్చవచ్చును. నానోరేణువు లనగా ఇవియే. అట్టి పొడి ఒక గ్రాము తీసికొన్నచో, దాని రేణువుల పైభాగములన్నియు కలిపి 50 చదరపు మీటర్లు. ఒక తరగతిగది నేలంత. చిటికెడు పొడిలో గదినేలంత పనిచేయుచోటు దాగియున్నదన్న మాట.

ఆ రేణువుపై తగిన వెలుగు పడినప్పుడు దానిలోని ఎలక్ట్రాన్ అను కణము తన నెలవునుండి పైకి ఎగురును. అది విడిచిన చోట ఖాళీ యేర్పడును. ఆ ఖాళీ దాహము గొన్నదివలె ప్రక్కనున్న నీటినుండి ఎలక్ట్రానును గుంజుకొనును. అప్పుడు నీటినుండి హైడ్రాక్సిల్ రాడికల్ అను ఒక తునక పుట్టును. దాని ఆయువు మిక్కిలి స్వల్పము. సెకనులో పదిలక్షవ వంతైనను నిలువదు. కాని నిలిచినంతలో ఎదురుపడిన రంగు అణువును పట్టి కొరికివేయును. ఇటు పైకెగిరిన ఎలక్ట్రానును నీటిలో కరిగిన ప్రాణవాయువు పట్టుకొనవలెను. లేకున్న అది తిరిగి తన ఖాళీలోనే పడి, పడిన వెలుగు వ్యర్థమగును. అందువలననే ఆ నీటిని కలియబెట్టుచుండవలెను, లేదా గాలి ఊదుచుండవలెను. ఇంత జరిగినను ఆ తెల్లపొడి ఖర్చు కాదు. రేణువు మరల పనికి సిద్ధము. అందుకే దానిని ఉత్ప్రేరకమందురు. పౌరోహితుడు ఎన్ని పెండ్లిండ్లు చేయించినను తాను ఆ పెండ్లిండ్లలో ఒకటై పోనట్లు అని మా మిత్రుడొకడు పోలిక చెప్పినాడు. పోలిక కొంచెము హాస్యమే కాని బాగున్నది.

"తగిన వెలుగు" అంటిని. ఏ వెలుగైనను చాలదా? చాలదు. మూడు గజముల గోడ యున్నదనుకొనుడు. ఒక గజము మాత్రమే ఎగురగల పిల్లవాడు వేయిమార్లు ఎగిరినను దానిని దాటలేడు. మూడు గజములు ఎగురగలవాడు ఒక్కసారికే దాటును. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వెలుగులు మొదటి పిల్లవానివంటివి. మన కంటికి కనబడని అతినీల కిరణములే ఈ గోడను దాటగలవు. ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్లకు మించి లేవు. కావున మనము చూచు ఎండ మండుచున్నను ఈ పొడి అందులో ఇరువదవ వంతునే వాడుకొనుచున్నది. నత్రజనిని కొంచెము చేర్చి, ఇతర లోహములను కలిపి, కంటికి కనబడు వెలుగుతోను పనిచేయునట్టి పొడులను తయారుచేయుటకు దేశదేశముల పరిశోధకులు పాటుపడుచున్నారు. ప్రయోగశాలలలో కొంత ఫలించినది.

మన హైదరాబాదులోను ఈ పని జరిగినది. తార్నాకలో 1944లో నిజాము ప్రభుత్వకాలమున ఆరంభమైన పరిశోధనాలయము నేడు భారత రసాయన సాంకేతిక సంస్థ యను పేర నున్నది. అక్కడి కె. వి. సుబ్బారావు, ఎం. సుబ్రహ్మణ్యం గార్లు తమ సహచరులతోను, ఫ్రాన్సుదేశీయుడగు బూల్ గారితోను కలిసి 2003లో ఒక పరిశోధనాపత్రమును ప్రకటించిరి. వారు ఎత్తుకొన్న చిక్కు యిది: పొడి ఎంత మెత్తనైన అంత బాగుగా పనిచేయును; కాని అంత మెత్తనిపొడిని నీటినుండి తిరిగి తీయుటెట్లు? మజ్జిగలో కలిసిన పసుపును ఏరగలమా? తీయకున్న ఆ పొడియే వాగులో చేరును. అందుకై వారు అగ్నిపర్వతములనుండి వచ్చు తేలికయైన బెజ్జముల రాతికి ఆ పొడిని అంటించి, రంగులను, రంగుల పరిశ్రమనుండి వచ్చు ఇతర మలినములను వెలుగుచే విరుచుటను పరీక్షించిరి. రాయి నిలిచియుండును, నీరు దాటిపోవును. ఆ ఉపాయము నాకు ముచ్చట గొలిపినది.

అంతకంటె నాకు మెప్పు కలిగించినది వారి మరుసటి పత్రము. అట్లు అంటించిన పొడి దీర్ఘకాలము వాడగా వాడగా దాని శక్తి తగ్గుచున్నదని 2004లో వారే ప్రకటించిరి. తన సరకులోని లోపమును తానే అంగడిలో చాటుకొను వర్తకుని మీరు చూచియుండరు. శాస్త్రజ్ఞునికి అది ధర్మము. పై బల్లపై రెండు పాత్రలు చూపువారు ఈ రెండవ పత్రమును కూడ చదివియుండిన బాగుండును.

మా ప్రాంతపు బడిలో కొన్నియేండ్ల క్రిందట ఉపాధ్యాయుడొకడు ఈ వింతను పిల్లలకు చూపినాడు. నన్నును పిలిచినాడు. గాజుపాత్రలో మిథిలీన్ నీలము అను రంగునీటిని పోసి, తెల్లపొడి కలిపి, మధ్యాహ్నపుటెండలో పెట్టి, పుల్లతో కలియబెట్టించినాడు. రెండు గంటలలో నీలము వెలిసి నీరు పాలనీడవలె అయినది. పిల్లలు కేరింతలు కొట్టిరి. చూడవచ్చినవారిలో వృద్ధుడగు చాకలి యొకడు గోడనానుకొని కూర్చుండి యున్నాడు. అతడు లేచి, "పంతులూ! నీళ్లల్ల రంగు పోయిందా, పిండికి వట్టిందా? బట్టకు వట్టినట్టు పిండికి గూడ వడ్తది గద!" అన్నాడు. మేమందరము ఒక్క క్షణము మౌనముగా నుంటిమి. ఆ ప్రశ్న శాస్త్రజ్ఞులు అడుగు ప్రశ్నయే.

మరునాడు ఆ ఉపాధ్యాయుడు మూడు పాత్రలు పెట్టినాడు. ఒకదానిలో పొడి వేసి ఎండలో నుంచినాడు. ఒకదానిలో పొడి వేసి నల్లగుడ్డ కప్పినాడు. మూడవదానిలో పొడి వేయకయే ఎండలో నుంచినాడు. సాయంకాలమునకు కప్పిన పాత్రలో నీలము కొంచెము తగ్గినది. అడుగున దిగిన పొడి మాత్రము నీలమెక్కియున్నది. చాకలి చెప్పినట్లు రంగు అక్కడ పొడికి పట్టినదే. పొడి లేని పాత్రలో ఎండకే రంగు స్వల్పముగా వెలిసినది. మొదటి పాత్రలో నీరును తేటయైనది, పొడియు తెల్లగానే యున్నది. అక్కడ మాత్రమే రంగు విరిగినదని చెప్పవచ్చును. మీ ఊరికి ఎవరైన ఇట్టి యంత్రమును చూపవచ్చినచో ఈ మూడు పాత్రలను పెట్టించుడు. ఖర్చు లేని పని.

అయితే రంగు విరిగినంత మాత్రమున పని ముగిసినదా? ఇక్కడనే అసలు చిక్కున్నది. నేడు వాడుకలోనున్న రంగులలో సగమునకు పైగా అజో రంగులనబడునవి. రెండు నత్రజని పరమాణువుల జంట వానిలో వంతెనవలె నుండి, అటునిటు నున్న ఉంగరములవంటి కర్బనపు కట్టడములను కలుపును. ఆ వంతెన ఉన్నంతసేపు కంటికి రంగు కనబడును. వంతెన కూలినంతనే రంగు మాయమగును. కాని ఉంగరములు అట్లే యున్నవి! వానిలో అమీనులనబడు కొన్ని తునకలు మూలపు రంగుకంటె కీడైనవి. కొన్ని పుట్టకురుపును కలిగింపగలవి. వెలుగును ఇంకను కొనసాగించినచో ఆ ఉంగరములును విరిగి, తుదకు బొగ్గుపులుసు గాలిగాను నీరుగాను సామాన్య లవణములుగాను మారును. దానికి రంగు పోవుటకు పట్టినదానికంటె చాల యెక్కువ కాలము పట్టును. రంగు పోయిన గడియలోనే దీపమార్పి ఇంటికి పోయినవాడు సగము విరిగిన విషమును వాగులోనికి వదలినవాడగును. కన్ను దీనిని పట్టజాలదు. నీటిలోని మలినము కాలిపోవుటకు ఎంత ప్రాణవాయువు కావలెనో కొలుచు పరీక్ష యొకటి కలదు; వ్యవహారమున దానిని సి.ఓ.డి. యందురు. రంగుకు ముందెంత, పిమ్మటెంత అని ఆ అంకెను అడుగవలెను.

ఇప్పుడు ఉప్పు సంగతికి వత్తును. వెలుగు కర్బనపు అణువులను విరుచునే కాని ఉప్పును విరువదు. క్రోమియము, రాగి మొదలగు లోహములును నీటిని విడిచిపోవు. పైగా ఉప్పును చౌడును అధికముగా నున్న నీటిలో ఆ హైడ్రాక్సిల్ తునకలు వానితోనే కలహించి వ్యర్థమైపోవును. రంగును విరుచు పనియు మందగించును. నేతపరిశ్రమ నీటికి కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించిన ప్రమాణములలో కరిగిన లవణములు లీటరుకు 2100 మిల్లీగ్రాములకు మించరాదని యున్నది. అద్దకపు తొట్టిలో లీటరుకు 30 గ్రాములనగా 30,000 మిల్లీగ్రాములు. కడిగిన నీళ్లు కలిసి కొంత పలుచనైనను, ఈ రెండంకెల నడుమ దూరమును వెలుగు పూడ్చజాలదు. సేద్యగానికి రంగుకంటె ఉప్పు పగవాడు. రంగునీరు పారిన పొలము ఒక పంటకు చెడును. ఉప్పునీరు పారిన పొలము చవిటినేల యగును.

తమిళదేశమున తిరుప్పూరు సంగతి దీనికి నిదర్శనము. అక్కడి అద్దకపు నీరు నొయ్యల్ నదిలో పడెడిది. దిగువ సేద్యమునకై ఒరత్తుపాళయమున కట్టిన జలాశయము ఆ నీటితో నిండి రైతులకు వరముగాక శాపమైనది. రైతులు న్యాయస్థానమునకెక్కిరి. తుదకు 2011 జనవరిలో మద్రాసు ఉన్నతన్యాయస్థానము అద్దకపు కార్ఖానాలను మూసివేయుడని ఉత్తరువు చేసినది. పిమ్మట తెరచినవి నీటిని బయటికి వదలక, ఉప్పును వేరుపరచి, ఇగిరించి, నీటిని మరల వాడుకొను ఏర్పాటునకు పూనుకొనవలసివచ్చినది. ఆ యేర్పాటునకు వ్యయము చాల హెచ్చు.

ఇంకొక అడ్డంకి చోటు. మిరపకాయలను కల్లములో కుప్పపోసి ఎండబెట్టము, పలుచగా పరచుదుము. రంగునీరును అట్లే. చిక్కని రంగులో వెలుగు లోతుకు దిగదు. పైపొరయే దానిని మ్రింగివేయును. ఒక కిలో నూలుబట్టను అద్దుటకు నూరు లీటర్ల నీరనుకొందము. దినమునకు వేయి కిలోలు అద్దు కార్ఖానాకు లక్ష లీటర్లు. ఆ నీటిని అయిదు సెంటీమీటర్ల లోతున పరచిన రెండువేల చదరపు మీటర్లు కావలెను. అనగా అర యెకరము. ఒక్కనాటి నీరు ఆనాడే శుద్ధియైన పక్షమున మాట యిది. మబ్బుపట్టిన దినములలో, రాత్రులలో పని నిలుచును. లేదా అతినీల దీపములు వెలిగింపవలెను. అప్పుడు కరెంటు ఖర్చు. స్పెయిను దేశమున అల్మేరియాలో ఎండను ఒడిసిపట్టు అద్దపు తొట్లలో పెద్దయెత్తున ఇట్టి పరీక్షలు చేసినారు. ఎండ మనకును కొరత లేదు. కాని మా వైపున కార్ఖానా ప్రక్కన ఖాళీగానున్న అర యెకరము ఎంత పలుకునో మీకందరకు తెలియును.

కనుక ఈ పద్ధతి నిరర్థకమని నా భావము కాదు. దాని స్థానము వరుసలో తుదిది. మొదట మడ్డిని దింపి, క్రిములచే జీర్ణింపదగినదానిని జీర్ణింపజేసి, నీరు తేరుకొనిన పిమ్మట, ఇంకను మిగిలిన మొండిరంగును, మొండిమలినమును విరుచుటకు వెలుగు తగినది. పలుచని, తేటయైన నీటిలో అది బాగుగా పనిచేయును. మొదటనే చిక్కని మురుగులో వేసి, "అంతయు ఎండయే చూచుకొనును" అనువాని మాట నమ్మదగినది కాదు.

మా ప్రాంతమునకు ఈ మాట మరింత వర్తించును. నా చిన్ననాట నక్కవాగు ఇసుకలో చెలిమె తీసి దోసిట త్రాగితిమి. ఆ వాగు పోయి మంజీరలో కలియును. మంజీర గోదావరిలో కలియును. 1970ల నాటినుండి పటాన్‌చెరువు, బొల్లారము పరిసరములలో పరిశ్రమలు వెలసినవి. 1990లో ఇక్కడి నీటికాలుష్యమును గురించి సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడినది. 1994లో పలు కార్ఖానాల మురుగును ఒకచోట శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము ఏర్పడినది. మాయొద్ద అద్దకముకంటె మందుల తయారీ యెక్కువ. 2007లో స్వీడనుదేశపు లార్సన్ గారును సహచరులును ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడు నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 28 మొదలు 31 మిల్లీగ్రాములున్నదని ప్రకటించిరి. రోగికి ఇచ్చిన పిమ్మట రక్తములో నుండు పరిమాణముకంటెను అది హెచ్చు. ఇట్టి నీటిలో బ్రతుకనేర్చిన క్రిములు ఆ మందునకు లొంగవు. రేపు మన బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుడిచ్చిన గోలీ పనిచేయకపోవచ్చును. పెద్దలారా! ఆ మందు నీటిలో అంతమాత్రము కరిగిన కంటికి రంగు కనబడదు. గాజుపాత్రలో పోసి చూపిన చప్పట్లు కొట్టవలసినంత తేటగా నుండవచ్చును. రంగును విరుచు ఆ వెలుగే, ఆ తెల్లపొడియే, ఈ మందును కూడ విరువగలదని ప్రయోగశాలలలో తేలినది. ఏ మేరకు విరిచినదో చెప్పవలసినది మాత్రము కన్ను కాదు, కొలత.

కొలతలకు చట్టము మనకు కొంత ఆధారమిచ్చినది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలోని సాధారణ ప్రమాణముల ప్రకారము వాగులోనికి వదలు నీటిలో సి.ఓ.డి. లీటరునకు 250 మిల్లీగ్రాములను, క్రిముల జీర్ణమునకు కావలసిన ప్రాణవాయువు, అనగా బి.ఓ.డి., 30 మిల్లీగ్రాములను మించరాదు. రంగునకు అందు అంకె లేదు. సాధ్యమైనంత వరకు తొలగింపవలెనని మాత్రమే యున్నది. వేరొక పరీక్షయు అందు కలదు, మన పెద్దలకు తేలికగా బోధపడునది. శుద్ధియైన నీటిలో వేరునీరు కలుపక చేపలను విడిచి, 96 గంటలు, అనగా నాలుగు దినములు ఉంచవలెను. నూటికి తొంబది చేపలు బ్రతికియుండవలెను.

పెద్ద పరిశ్రమ వచ్చుటకు ముందు, 2006 నాటి ప్రకటన ననుసరించి, చాలవానికి ప్రజాభిప్రాయ సభ జరుపవలెను. దానికి ముప్పది దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. నివేదిక సారాంశము తెలుగులోను ఉండవలెను. అట్టి సభకు పోవునప్పుడు ఆ సారాంశమును ముందే తెప్పించుకొని, చదువ వచ్చినవారు చదివి తక్కినవారికి వినిపింపుడు. వెలుగు పద్ధతి పెట్టెదమని అందు వ్రాసియుండిన, నీరు ఎంత లోతున ఎంతసేపు ఎండలో నుండును, రాత్రివేళ నీటిని ఎక్కడ నిలువచేయుదురు, పొడిని తిరిగి దేనితో పట్టుదురు, దాని శక్తి తగ్గినప్పుడు ఎన్నాళ్లకు మార్చుదురు, ఉప్పు ఎక్కడికి పోవును అని వరుసగా అడుగుడు. అడిగిన ప్రశ్నయు, వచ్చిన సమాధానమును ఆనాటి కార్యక్రమపు వ్రాతలో చేర్చినది లేనిది చూచుకొని, చదివించుకొని, సభాస్థలము విడువుడు.